కస్టమరు సంతకం

ఆ సిమ్ నా పేరు మీద ఉండేది, ఫోను మా ఆయన జేబులో ఉండేది. మా పక్క అప్పట్లో అది వింత కాదు. పార్టీల్లో తిరిగేవాళ్ళు, కేసుల్లో ఉన్నవాళ్ళు, వాళ్ళకు చుట్టాలైనవాళ్ళు తమ పేరుతో సిమ్ తీసుకునేవాళ్ళు కాదు. పెండ్లాం పేరుతోనో తల్లి పేరుతోనో తీసుకునేవాళ్ళు. ఆడదాని పేరు ఏ కాగితంలో ఉన్నా ఎవరూ వెదకరని నమ్మకం. పులివెందుల బస్టాండు దగ్గర అంగట్లో నా రేషన్ కార్డు జిరాక్సు ఇచ్చి ఫారం మీద సంతకం పెడుతుంటే ఆ అంగడాయన నవ్వాడు. ఈ వారం అమ్మిన సిమ్‌లన్నీ ఆడవాళ్ళకేనంట, మగవాళ్ళు మాట్లాడటం మానేసినట్టున్నారంట.

నేను ఎనిమిది పాసయ్యాను. తొమ్మిదిలో చేరిన నెలకే పెండ్లి చేశారు. మా అత్తగారింట్లో సంతకం పెట్టగలిగింది నేనొక్కదాన్నే. మా ఆయన ఎర్రన్నది వేలిముద్ర. అందుకే నా సంతకమంటే ఆయనకు ముచ్చట. మునెమ్మ అని రాసి, చివరి ఒత్తును కిందికి లాగి వంకర తిప్పుతాను. అది గొర్రె తోకలాగా ఉందని ఎక్కిరించేవాడు. చదవడం రాకపోయినా నా సంతకాన్ని మాత్రం ఎక్కడున్నా గుర్తుపట్టేవాడు.

మాది లింగాల దగ్గర పల్లె. గొర్లే మా బతుకు. పైర్లు కోసినాక మగవాళ్ళు మంద తోలుకొని ఊరూరా తిరుగుతారు. రైతు చేలో రాత్రిళ్ళు గొర్లను నిలిపితే ఆ పెంటకు నేల బలమవుతుంది, రైతు గింజలిస్తాడు. నాలుగు రోజులు ఒక చేను, తర్వాత ఇంకో చేను. అట్లా మంద జమ్మలమడుగు పక్కన ఉన్నప్పుడు ఖలందర్‌ను చంపారు.

ఖలందర్ గొర్ల బేరగాడు. పరిషత్ ఎన్నికల్లో వాళ్ళ ఊరి బూతులో ఒక పార్టీకి ఏజెంటుగా కూర్చున్నాడు. లేచి పొమ్మని అవతలి పార్టీవాళ్ళు రెండుసార్లు చెప్పారు, లేవలేదు. అంతే ఆయన చేసిన తప్పు. ఎన్నికలైన ఇరవై రోజులకు రెండు పొట్టేళ్ళు చూసిపోదామని మా మంద దగ్గరికి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. మా ఆయన కంపచెట్ల వెనక కుంటలో గొర్లకు నీళ్ళు తాపుతున్నాడు. జీపు వచ్చింది, ముగ్గురు దిగారు, పని ముగించుకొని పోయారు. ఆ ముగ్గురిలో ఇద్దరిని మా ఆయన ఎరుగును. వాళ్ళ ఊరి చేన్లలో మంద నిలిపినవాడే.

చూడలేదని చెప్పి ఉండవచ్చు. మా పక్క అందరూ చెప్పేది అదే. కానీ పోలీసులు అడిగిన మొదటి రోజే రెండు పేర్లూ చెప్పేశాడు. ఎందుకు చెప్పావయ్యా, చంటిబిడ్డ ఉంది కదా అని నేను ఏడిస్తే, "నా మంద కాడికొచ్చిన మనిషి మునీ. నా పొట్టేలు మీద చెయ్యేసి చూస్తాండగా వొచ్చినారు" అన్నాడు. 

ఖలందర్ పార్టీ నాయకుడికి ఇట్లాంటి పనులు చూసిపెట్టే మనిషి ఒకాయన ఉండేవాడు, వెంకటప్ప. వాయిదా వచ్చేవరకు సాక్షి ఊళ్ళో ఉండకూడదని ఆయనే తేల్చాడు. నన్నూ నాలుగు నెలల పాపనూ ప్రొద్దుటూరులో పెట్టాలి, మా ఆయన మాత్రం మందతోనే తిరగాలి. ఇంట్లో దాక్కుంటే ఎవరో ఒకరు చూస్తారు, మందకు డోర్ నంబరు ఉండదు కదా అని తన తెలివికి తనే నవ్వుకున్నాడు. జమ్మలమడుగు పక్క వదిలి మంద కలమల్ల వైపు, అటు నుంచి వీరపునాయునిపల్లె వైపు పోయింది.

ప్రొద్దుటూరులో నాకు గది ఇచ్చింది ఎవరో కాదు, ఖలందర్ భార్య మైమూన్. భర్త పోయినాక కొడుకును తీసుకొని పుట్టింటికి వచ్చేసింది. ముందు గది ఖాళీ చేసి, సాక్షి పెండ్లాం నా ఇంట్లో ఉంటేనే నాకు నిద్ర పడుతుందని తీసుకుపోయింది. ఇద్దరం చీరలకు ఫాల్సు కుట్టేవాళ్ళం. ఆమె తల్లి ఖాతూన్‌బీ గడప దగ్గర కూర్చొని వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ మాటలతో గిల్లేది. నా మొగుడు నాకు మొగుడా గొర్లకు మొగుడా అని రోజుకొకసారి నన్ను అడగకపోతే ఆమెకు పొద్దుపోయేది కాదు. మైమూన్ మాత్రం తక్కువ మాట్లాడేది. వాయిదా ఆరు నెలలకు పడిందని తెలిసిన రోజు ఒక్కసారి చెప్పింది.

"వాళ్ళకు ఉరి పడాలని నేను అడగను మునెమ్మా. ఆ రెండు పేర్లు మీ ఆయన జడ్జి ముందర చెప్తే సాలు. ఎవురు సంపినారో ఒక మనిషి నోటితో చెప్పల్ల, నేనాడ కూర్చోని వినల్ల."

ఆ రోజు నుంచి మా ఇద్దరి బతుకూ ఆ రెండు పేర్ల చుట్టూనే తిరిగింది. ఆమెకు అవి బయటికి రావాలి. నాకు అవి చెప్పేవరకు, చెప్పినాక కూడా, మా ఆయన ప్రాణంతో ఉండాలి.

ఫోన్లో మాట్లాడుకోవద్దని ముందే అనుకున్నాం. పొద్దున గొర్లు లేచేటప్పుడు మైమూన్ ఇంట్లో ఉన్న ఫోనుకు ఒక మిస్డ్ కాల్, పొద్దుగుంకే ముందు ఒకటి. ఒక రింగు వస్తే బాగున్నట్టు. రెండు వస్తే మాట్లాడాలని. మిస్డ్ కాల్‌కు దుడ్లు పడవు, దుడ్లు పడనిది కంపెనీ లెక్కలోకి రాదు, లెక్కలోకి రానిది ఎవరికీ కనపడదు అని మా ఆయన నమ్మకం. నాకూ అదే నమ్మకం. మా ఊళ్ళో అందరిదీ అదే.

రెండు నెలలు బాగానే గడిచింది. తర్వాత ఒక రోజు పొద్దున రింగు రాలేదు. సాయంత్రమూ రాలేదు. నేను చేస్తే స్విచాఫ్ అని చెప్పింది. రెండో రోజూ అంతే. మూడో రోజు పాపకు జ్వరం. పాప ఒళ్ళు కాలిపోతుంటే నేను దాన్ని ఒళ్ళో పెట్టుకొని ఫోను వైపే చూస్తున్నాను. వెంకటప్పకు ఫోన్ చేస్తే చూస్తాలే అన్నాడు. ఆ మాట నాకు ఆనలేదు. మైమూన్ నన్ను తన పెదనాన్న కొడుకు నబీ రసూల్ దగ్గరికి తీసుకుపోయింది. నబీ ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదైన మనిషి. మా సిమ్ కంపెనీవాళ్ళ ఆఫీసు ప్రొద్దుటూరులో ఉండేది, అందులో కౌంటర్ దగ్గర పని. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను.

నబీ మా ఆయన దగ్గరున్న నంబరు కంప్యూటర్లో కొట్టి చూసి, సిమ్ నీ పేరు మీదనే ఉంది కదక్కా, నువ్వే మా కస్టమరు, నువ్వు అడిగితే చెప్పవచ్చు అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఏమి చెప్తావు, ఆయన ఫోను మాట్లాడటం లేదే అన్నాను.

"మాట్లాడకపోయినా ఫోను ఊరికే ఉండదక్కా. నేనీడుండా నేనీడుండా అని దగ్గరుండే టవరుకు చెప్పుకుంటానే ఉంటాది. లేకుంటే కాల్ వొస్తే కంపెనీ యాడికని పంపుతాది? అదంతా హైదరాబాదులో రాసి పెట్టుకుంటారు."

మిస్డ్ కాల్ కూడానా అని అడిగాను. మిస్డ్ కాల్ ముందుగా అన్నాడు.

ఆ మాట విన్న క్షణమే నేను భయపడి ఉండాల్సింది. మా ఆయన కంటపడకుండా ఉండటానికే మందతో తిరుగుతుంటే, రోజుకు రెండుసార్లు నా కోసం ఆయన తను ఉన్న చోటు చెప్పుకుంటున్నాడని తట్టాల్సింది. తట్టలేదు. నాకు తట్టింది ఒక్కటే, ఆయన ఎక్కడ ఉన్నాడో చెప్పే కాగితం ఉంది.

ఫోను పోయింది, ఎక్కడ ఉందో చూసి చెప్పవలసిందని ఒక ఫారం. పోయిన ఫోన్ల కోసం పెట్టుకున్న ఫారమంట అది. నబీ రాశాడు, కస్టమరు అని అచ్చు వేసిన చోట నేను సంతకం పెట్టాను. అది పై ఆఫీసుకు పోయి సాయంత్రానికి జవాబు వచ్చింది. మూడు రోజుల కింద కలమల్ల టవరు, తర్వాత ఏమీ లేదు, ఈ రోజు మధ్యాహ్నం మళ్ళీ కలమల్ల టవరే. నబీ అదంతా ఒక చీటీ మీద తెలుగులో రాసిచ్చాడు. నేను ఆ చీటీ పట్టుకొని ఇంటికి వచ్చేసరికి ఫోను ఒక రింగు ఇచ్చి ఆగింది. తర్వాత తెలిసింది, ఛార్జింగు పెట్టుకునే రైతు మోటారు కొట్టంలో కరెంటు పోయిందంట, మూడు రోజులకు వచ్చిందంట. ఒక్క పూట ఓర్చుకొని ఉంటే నాకు ఆ ఫారమే తెలిసేది కాదు.

కానీ తెలిసింది. తెలిసినాక ఒక రింగుతో నాకు సరిపోలేదు. రింగు వస్తే ఉన్నాడని తెలుస్తుంది, ఎక్కడ ఉన్నాడో తెలియదు. ఆ నంబరు ఇంకెవరి చేతిలోనో ఉండి వాళ్ళు ఇస్తున్నారేమో అని కూడా అనుమానం వచ్చేది. పాపకు పండ్లు వచ్చే కాలం, అది ఏడ్చి ఏడ్చి అలసిపోయేది, నేను దాన్ని భుజాన వేసుకొని ఎండలో ఆఫీసుకు పోయేదాన్ని. మూడు రోజులకొకసారి. చీటీలన్నీ గోడకున్న క్యాలెండరు వెనక దోపేదాన్ని. కలమల్ల, మళ్ళీ కలమల్ల, వీరపునాయునిపల్లె. ఒకసారి చీటీలో కొత్త పేరు కనపడితే, మంద ఆ చేన్ల మీద పడి ఉండటం కండ్లకు కట్టినట్టు ఉండి ఆ పూట అన్నం తిన్నాను. ఖాతూన్‌బీ ఊరుకుంటుందా. మొగుడికి మెడలో గంట కట్టినావు, ఇంక తప్పిపోడులే అంది. నేనూ నవ్వాను.

నబీకి నన్ను చూసి జాలి. ఒకరోజు ఆఫీసులో జనం నిండి ఉన్నారు, పాప చెమటకు పేలి ఏడుస్తోంది. ఊరికే బిడ్డనెత్తుకొని తిరగొద్దక్కా, ఐదు ఫారాలకు సంతకం పెట్టి పో, తారీకులు నేను వేసుకుంటా, ఫోన్ చేస్తే చాలు, చీటీ ఇంటికి పంపుతా అన్నాడు. ఐదు ఖాళీ ఫారాలు వరసగా పెట్టాడు. పాపను ఎడమ చంకలోకి మార్చుకొని, నిలబడే, ఐదింటికీ పెట్టాను. ఆ ఐదింట్లో మూడు నాకోసం వాడాడు.

వాయిదా ఇంకో నెల ఉందనగా నాయకులకు రాజీ అయింది. పెద్ద ఎన్నికలు వస్తున్నాయి. ఖలందర్ ఎవరి కోసం బూతులో కూర్చున్నాడో ఆ నాయకుడు వెళ్ళి అవతలి పార్టీలో చేరాడు. జమ్మలమడుగులో మీటింగు పెట్టి, పదేండ్లుగా ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరూ ఒకే దండలో తలలు దూర్చారు. మరుసటి రోజు వెంకటప్ప మైమూన్ ఇంటికి వచ్చాడు. ఇప్పుడందరూ ఒకటయ్యాం, పాత కేసులు పట్టుకొని లాగితే అందరికీ నష్టం, పిల్లవాని చదువు పార్టీ చూసుకుంటుంది అని చెప్పుకుంటూ పోయాడు. మైమూన్ కుర్చీ వేసింది, నీళ్ళు ఇచ్చింది, అంతా విన్నది. నా మొగుడు రాజీ పడలేదన్నా, ఆయన్ని అడిగి రా అంది. వెంకటప్ప నీళ్ళు తాగకుండానే లేచిపోయాడు.

ఆ సాయంత్రం రెండు రింగులు వచ్చాయి. నేను చేశాను. అన్ని నెలల్లో మేము మాట్లాడుకున్నది ఆ ఒక్కసారే. వెంకటప్ప ఫోన్ చేసి, ఏమీ చూడలేదని చెప్పేసి ఇంటికి పొమ్మన్నాడంట.

"మరి నువ్వేమన్యావు మామా?"

"రాజీ మీది, చూసింది నేను అన్యా. ఇంక ఆయప్ప ఫోనెత్తను. పాపేం చేస్తాంది?"

పాకుతోందని చెప్పాను. ఎంత దూరం పాకుతోందని అడిగాడు. గడప దాకా అన్నాను.

నాకు ఆ రోజు భయం వేసింది, కానీ గర్వం కూడా కలిగింది. మైమూన్‌కు చెప్తే కొంగుతో కండ్లు ఒత్తుకుంది.

నాలుగు రోజులకు వెంకటప్ప నా దగ్గరికి వచ్చాడు. మైమూన్ బజారుకు పోయి ఉంది. గదిలోకి వచ్చి పాపను ఎత్తుకున్నాడు, ఎవరి పోలిక అని అడిగాడు. తర్వాత నెమ్మదిగా, "యాడుండాడమ్మా నీ మొగుడు?" అన్నాడు.

"గొర్లెనక."

"ఆ గొర్లు యాడుండాయి?"

"గడ్డి ఉన్న తావున."

ఆయన నవ్వాడు. గోడ వైపు చూశాడు. క్యాలెండరు వెనక నుంచి చీటీల కొసలు బయటికి వచ్చి ఉన్నాయి. నబీ ఆఫీసు కాగితం వెనకవైపు రాసిచ్చేవాడు, అందుకని ప్రతి చీటీ మీదా ఆ కంపెనీ బొమ్మ ఉండేది. వెంకటప్ప వాటిని ముట్టుకోలేదు. పాపను నా చేతికి ఇచ్చి, మంచిదమ్మా అని పోయాడు. నా జవాబులు ఖాతూన్‌బీ వీధంతా చెప్పుకుంది. నేను ఒక్క మాట బయటపెట్టలేదని నన్ను నేనే మెచ్చుకున్నాను.

వాయిదా రోజు మైమూనూ నేనూ ముందుగా పోయి కోర్టు హాలులో వెనక బెంచీ మీద కూర్చున్నాం. పాప నా ఒళ్ళో ఉంది. అంతకు ముందు ఆరు రోజులూ మిస్డ్ కాల్ తప్పలేదు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అన్నీ ఒక్కొక్క రింగే. అందుకని నాకు గుండె నిబ్బరంగా ఉంది. మా ఆయన వచ్చాడు. గడ్డం పెరిగి చిక్కిపోయాడు. బోనెక్కి హాలంతా చూసి, మమ్మల్ని చూశాడు. మమ్మల్ని చూసిన కండ్లు మా వెనక వాకిట్లోకి పోయి అక్కడే నిలిచిపోయాయి. నేను తిరిగి చూస్తే వెంకటప్ప, ఇంకో ఇద్దరు వాకిలికి ఆనుకొని నిలబడి ఉన్నారు.

సర్కారు వకీలు అడిగాడు. ఆ రోజు మీరు ఎవరిని చూశారు?

ఎవరినీ చూడలేదు సార్ అన్నాడు మా ఆయన.

వకీలు మళ్ళీ అడిగాడు, పోలీసులకు ఇద్దరి పేర్లు చెప్పావు కదా అని గుర్తుచేశాడు. గొర్లకు నీళ్ళు తాపుతున్నాను, నేను తిరిగి చూసేసరికి ఎవరూ లేరు అన్నాడు. ఆ మాటలు ఎవరో నేర్పినట్టు ఒకే గొంతుతో చెప్పాడు. సాక్షి ఎదురు తిరిగాడని రాసుకున్నారు. మైమూన్ చేతులు ఒళ్ళో పెట్టుకొని, ఇంకా వినాల్సింది ఉన్నట్టు ముందుకే చూస్తూ కూర్చుంది.

బయట సైకిళ్ళు పెట్టే చోట మా ఆయనను పట్టుకున్నాను. ఎందుకిట్లా చెప్పావని అడగబోతే ఆయన నా మొహం, పాప మొహం, మార్చి మార్చి చూస్తున్నాడు. పాప చేతులు కాళ్ళు తడిమాడు.

"నువ్వు వాళ్ళ చేతిలో ల్యావా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన చొక్కా లోపలి జేబులో నుంచి మడిచిన కాగితం తీసి ఇచ్చాడు. ఫారం జిరాక్సు. కింద కస్టమరు అన్న చోట నా సంతకం, గొర్రె తోకతో సహా. దాని వెనక ఇంకో కాగితం, నలభై రోజుల టవర్లు, తారీకుల వరసన.

ఆరు రోజుల కింద, పట్టపగలు, వీరపునాయునిపల్లె అవతల మంద మేస్తుంటే వెంకటప్ప మనుషులతో వచ్చాడంట. తిట్టలేదు, కొట్టలేదు. గట్టు మీద కూర్చొని మజ్జిగ అడిగి తాగాడంట. తాగి, ఫలానా రోజు ఫలానా చోట, ఫలానా రోజు ఇంకో చోట అని మా ఆయన తిరిగినదంతా చదివాడంట. తర్వాత సంతకం చూపించాడంట. నీ పెండ్లామే చెప్పింది, పెండ్లామూ బిడ్డా క్షేమంగా ఉన్నారు, నువ్వు కోర్టులో ఏం చెప్తావో దాన్ని బట్టి ఉంటారు అని, గుర్తుండాలని ఆ కాగితాలు ఈయన జేబులో పెట్టి పోయాడంట. నేను ఇష్టంతో సంతకం పెట్టి ఉంటానని మా ఆయన అనుకోలేదు. అది నాకు ఇంకా బాధ. నన్ను పట్టుకొని పెట్టించి ఉంటారని అనుకున్నాడు. ఫోన్లో వింటుంటారని భయపడి నాకు ఏమీ చెప్పలేదు. వాళ్ళు చెప్పిన ప్రకారం రెండు పూటలా ఒక్కొక్క రింగు మాత్రం ఇచ్చాడు. ఆ రింగులు విని నేను ఆరు రోజులు నిశ్చింతగా ఫాల్సు కుట్టుకున్నాను.

నబీ రసూల్‌ను అడిగితే దాచలేదు. వెంకటప్ప మా మేనేజరుకు తెలిసినవాడక్కా, మీ బావగారినని చెప్పాడంట, నీ సంతకంతో ఫారం డ్రాయరులో ఉంది, కస్టమరు సంతకం ఉంటే ఇవ్వడమే కదా అని మేనేజరే పంపించాడు, నేను ఆ రోజు లేను అన్నాడు. కండ్లు ఎత్తలేదు. ఆ రోజు ఉండి ఉంటే వద్దనేవాడివా అని అడగాలనుకున్నాను, అడగలేదు. ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టిన నోటితో ఏమని అడగాలి?

జమ్మలమడుగులో లక్ష్మీదేవమ్మ అని ఒక లాయరమ్మ ఉందంటే పాపను ఎత్తుకొని ఒక్కదాన్నే పోయాను. ఆమె ఆ రెండు కాగితాలూ చాలాసేపు చూసింది. కస్టమరు సంగతులు గుట్టుగా పెట్టాలని ఫోన్ కంపెనీల లైసెన్సులోనే ఉందంట. పోలీసులు అడిగినా ఊరికే ఇవ్వకూడదంట, పై అధికారి రాతపూర్వకంగా అడగాలంట. మరి మాకు జరిగింది తప్పే కదమ్మా అన్నాను.

"తప్పే. కానీ కాగితంలో యాడుంది ఆ తప్పు? కస్టమరు అడిగింది, కస్టమరుకు ఇచ్చినారు. తిరిగింది మీ ఆయనే అయినా, ఈ కాగితం ప్రకారం నలభై రోజులు గొర్లెనక తిరిగింది నువ్వు. నువ్వు యాడుండావో నువ్వే అడిగి తెలుసుకున్నావు."

ఫోను ఎవరి జేబులో ఉందో ఆ మనిషిని చట్టం చూడదా అని అడిగాను. మనిషి ఎక్కడ ఉన్నాడన్నది ఆ మనిషి సొంత సంగతి, అతన్ని అడగకుండా ఎవరికీ ఇవ్వకూడదు అని తేటగా చెప్పే చట్టం మన దగ్గర ఇంకా లేదని చెప్పింది. కంపెనీ మీద ఫిర్యాదు రాయవచ్చంట. ఖాళీ ఫారాలు నేనే ఇచ్చానని కూడా అందులో రాయాలంట. ఇంకొక దారి కూడా చెప్పింది. సాక్షిని బెదిరించారని, ఇదిగో కాగితమని నేను జడ్జి ముందు చెప్తే, ఆయన్ని మళ్ళీ పిలవమని అడగవచ్చు. అప్పుడు మా ఆయన మొదట చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. ప్రమాణం చేసి అబద్ధం చెప్పినందుకు జైలు పడినా పడవచ్చు. అది కాక, వెంకటప్ప మనుషులు ఏమి చేస్తారో నేను చెప్పలేనమ్మా అంది. ఆలోచించుకొని రమ్మంది.

బస్సులో ప్రొద్దుటూరు వచ్చేవరకు ఆలోచించాను. వచ్చేసరికి మైమూన్ గడపలో కూర్చొని ఫాల్సు కుడుతోంది. కోర్టు రోజు నుంచి మేమిద్దరం వంట గురించి, పాప గురించి తప్ప మాట్లాడుకోలేదు. మా ఆయన చేసినదానికి ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. గది ఖాళీ చెయ్యమని కూడా అనలేదు. పాపను లోపల పడుకోబెట్టి వచ్చి, ఆమె పక్కన కూర్చొని మొత్తం చెప్పాను. మూడు రోజులు రింగు రాకపోవడం ఆమెకు తెలుసు, ఆఫీసుకు తీసుకుపోయింది ఆమే. తర్వాత నేను మూడు రోజులకొకసారి పోవడం, ఐదు ఫారాలు, క్యాలెండరు వెనక చీటీలు, వెంకటప్ప చూసిన చూపు, లాయరమ్మ చెప్పిన రెండో దారి, ఏదీ దాచలేదు. ఆమె సూది ఆపకుండా విన్నది. దారం అయిపోతే తెంపి ఇంకో దారం ఎక్కించుకుంది.

నేను ఆపినాక అడిగింది.

"ఇప్పుడు నాకు చెప్పినట్టు జడ్జికి చెప్తావా?"

"చెప్తే మామకు జైలక్కా."

"తెలుసు. చెప్తావా అని అడుగుతాండా."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది. సూది చీరలో గుచ్చి పెట్టి నా వైపు తిరిగి కూర్చుంది. ఖలందర్ పోయినప్పటి నుంచి ఆమె కోరింది రెండు పేర్లు వినడం. అవి ఆమెకు వినిపించకుండా చేసింది నా ఐదు సంతకాలు. ఇప్పుడు ఇంకొక సంతకం పెడితే వినిపించవచ్చు. ఇదంతా నాకు అర్థమైంది. నాకు చదువు తక్కువే కానీ ఇది అర్థం కానంత తక్కువ కాదు. నోరు తెరిచాను. మా ఆయన జైలు కమ్మీల వెనక, మందను ఎవరో తోలుకుపోవడం, పాప గడప దాటి పాకడం కండ్ల ముందు తిరిగాయి.

లోపల పాప కదిలినట్టు అనిపించింది. ఏడవలేదు.

"పాప లేసిందక్కా, ఏడుస్తాంది" అని లేచి లోపలికి పోయాను.

నిద్రపోతున్న పాపను ఎత్తుకొని గోడకు ఆనుకొని నిలబడ్డాను. బయట మైమూన్ ఎంతసేపు అట్లాగే కూర్చుందో తెలియదు. నన్ను పిలవలేదు. చాలాసేపటికి కత్తెర చప్పుడు వినిపించింది. మరుసటి రోజు పొద్దున మా ఆయన వచ్చి సామాను ఆటోలో వేశాడు, లింగాలకు వచ్చేశాం.

కేసు కొట్టేశారని ఎన్నికలకు ముందే తెలిసింది. కంపెనీ మీద ఫిర్యాదు రాసుకున్నాను, రెండు పేజీలు. రాసి పంపలేదు. పంపితే ఆ కాగితం ఎవరి చేతుల్లో నుంచి ఎవరి చేతుల్లోకి పోతుందో అని భయం వేసింది. మా ఆయన నన్ను ఏమీ అనలేదు. ఫోను మాత్రం ఇంక ముట్టలేదు. మంద వెంట పోతే ఎప్పుడు వస్తాడో, ఎక్కడ ఉంటాడో నాకు తెలియదు. అడగడం మానుకున్నాను.

పోయిన ఏడు పాపకు మందులు తెద్దామని ప్రొద్దుటూరు పోతే బస్టాండులో మైమూన్ కనపడింది. ఆమే ముందుగా పలకరించింది. పాప ఎంత పొడుగైందో అంది, బడిలో వేశావా అని అడిగింది. అంగన్వాడీకి పోతోందని చెప్పాను. ఇంకేమన్నా అడుగుతుందేమో అని నిలబడ్డాను. ఈసారి అడిగితే జవాబు చెప్పాలని కూడా అనుకున్నాను, ఏమని చెప్పేదాన్నో మాత్రం నాకే తెలియదు. జమ్మలమడుగు బస్సు వచ్చింది. పోయొస్తా మునెమ్మా అని ఎక్కి, కిటికీ పక్కన కూర్చొని, అవతలి వైపు చూసింది.